ఖాళీ గడి కూడా జవాబే: సెన్సస్‌లో, పన్ను లెక్కల్లో హెమింగ్స్ కుటుంబం

1870 సెన్సస్. ఓహయో రాష్ట్రం, రాస్ కౌంటీ, హంటింగ్టన్ టౌన్‌షిప్. ఆ పేజీల్లో మాడిసన్ హెమింగ్స్ అనే పెద్దాయన పేరు దగ్గర ఫారం అడగని వాక్యం ఒకటి ఉంది. అప్పటి ఫారంలో అడిగేవి పేరు, వయసు, రంగు, వృత్తి, ఆస్తి విలువ, పుట్టిన రాష్ట్రం వంటివే. తండ్రి ఎవరన్న ప్రశ్నే లేదు. అయినా ఇల్లిల్లూ తిరిగి లెక్క రాసుకుంటున్న విలియం వీవర్ ఊరుకోలేక, "ఈ మనిషి థామస్ జెఫర్సన్ కొడుకు" అని చేర్చాడు. జెఫర్సన్ అంటే అమెరికా మూడో ప్రెసిడెంటు. మాడిసన్ తల్లి శాలీ హెమింగ్స్ ఆయన ఇంట్లో బానిస.

ఈ పేజీ మొదటిసారి చూసినప్పుడు మీకైనా నాకైనా ఒకటే అనిపిస్తుంది. ఇంకేం, దొరికేసింది కదా! ఆ ఆనందం ఐదు నిమిషాలకు మించకూడదు. మాడిసన్ పుట్టిన 1805లో ఏం జరిగిందో వీవర్ చూడలేదు. ఆయనకు ఎవరు చెప్పి ఉంటారు? మాడిసనో, ఇంట్లోవాళ్లో, పక్కింటివాళ్లో. 1873 మార్చిలో పైక్ కౌంటీలోని ఒక వారపత్రికలో మాడిసన్ తన జీవితకథ చెప్పుకున్నాడు. అందులోనూ ఇదే మాట ఉంది. కాబట్టి కాగితాలు రెండైనా రెండింటి వెనకా మాట్లాడిన నోరు ఒకటే కావచ్చు. వాటిని ఇద్దరు సాక్షులుగా లెక్కేయడానికి లేదు. నా దగ్గర పని నేర్చుకునేవాళ్లు ఎక్కువగా జారిపడేది ఇక్కడే.

నేను ఓహయోలో ఉంటూ వంశవృక్షాల పరిశోధన చేస్తాను. అంతర్యుద్ధానికి ముందే వర్జీనియా నుంచి ఇటు వచ్చిన స్వేచ్ఛా నల్లజాతి కుటుంబాల కేసులు నాకు తరచూ వస్తుంటాయి. హెమింగ్స్ కుటుంబం గురించి నేను కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. చరిత్రకారులు దశాబ్దాలుగా తవ్విన గని అది. అయినా జవాబు తెలిసిన లెక్కను మళ్లీ మొదటి నుంచి చేసి చూస్తే చేతికి పట్టు వస్తుంది. జెఫర్సన్ పేరు పక్కన పెట్టి, మాడిసన్, ఈస్టన్ అనే ఇద్దరు అన్నదమ్ములను సెన్సస్, పన్ను కాగితాల్లో ఎంత దూరం వెనక్కి తీసుకెళ్లగలమో చూడటమే ఈ కేసు.

మొదట గడులు, తర్వాత మనుషులు

అమెరికాలో మొదటి సెన్సస్ 1790లో జరిగింది. అప్పటి నుంచి 1840 దాకా ఇంటి పెద్ద పేరు మాత్రమే రాశారు. మిగతావాళ్లంతా అంకెలే: ఇన్నేళ్ల లోపు మగవాళ్లు ఇంతమంది, ఆడవాళ్లు ఇంతమంది, బానిసలు ఇంతమంది. ఇంట్లోని స్వేచ్ఛాపౌరులందరి పేర్లూ రాయడం 1850లో మొదలైంది. అప్పుడు కూడా బానిసలకు వేరే జాబితా పెట్టి, దాదాపు అంతటా పేర్లు వదిలేసి వయసు, ఆడో మగో, రంగు మాత్రమే రాశారు. ఇంటి పెద్దకు ఎవరేమవుతారో రాయడం 1880లో గానీ రాలేదు. అంటే 1850 పేజీలో ఒక ఇంట్లో కనిపించే ఆడమనిషి భార్యో, చెల్లెలో, మరదలో ఆ పేజీ చెప్పదు. చాలామంది భార్య అనుకుని ముందుకు పోతారు.

వర్జీనియాది ఇంకో సమస్య. ఆ రాష్ట్రపు 1790 సెన్సస్ కాగితాలు మిగల్లేదు. 1800వి కూడా ఒకటి రెండు కౌంటీలవి తప్ప పోయాయి. ఆ లోటు పూడ్చేవి పన్ను జాబితాలే. 1782 నుంచి వర్జీనియాలో ప్రతి కౌంటీలో భూమికి ఒక జాబితా, మనుషులు, గుర్రాలు వగైరా చరాస్తికి మరో జాబితా రాసేవాళ్లు. రాసే అధికారిని కమిషనర్ ఆఫ్ రెవెన్యూ అనేవారు. మన ఊరి కరణాన్ని తలుచుకోండి, సరిపోతుంది. ఎవరికెంత ఉందో ఆయనకు నోటికి వచ్చు. కానీ పన్ను పడని విషయాన్ని దస్త్రంలోకి ఎక్కించడు.

సెన్సస్ పదేళ్లకోసారి తీసిన ఫొటో అయితే పన్ను జాబితా ఏటేటా వేసే హాజరు. ఒక మనిషి ఏ సంవత్సరం ఊళ్లోకి వచ్చాడో, ఏ సంవత్సరం వెళ్లిపోయాడో, ఎప్పుడు పన్ను వయసుకు వచ్చాడో దాన్నిబట్టే పట్టుకుంటాం. చాలా జాబితాల్లో పేరు పక్కన తేదీ కూడా ఉంటుంది. పేర్లు మొదటి అక్షరం ప్రకారం సర్దేసినా, ఒకే తేదీ ఉన్నవాళ్లను బయటికి తీస్తే ఆ రోజు కమిషనర్ నడిచిన దారి తేలుతుంది. ఇరుగుపొరుగు ఎవరో తెలుస్తుంది. ఇది మాత్రం ఓపికతో చేసే పని, టీ చల్లారిపోతుంది.

1830: నేను తప్పిన చోటు

మాడిసన్ చెప్పిన ప్రకారం ఆయన 1836లో ఓహయోలోని పైక్ కౌంటీకి వచ్చాడు. అంతకుముందు తల్లి శాలీ హెమింగ్స్‌తో, తమ్ముడు ఈస్టన్‌తో కలిసి వర్జీనియాలో షార్లట్స్‌విల్ ఊళ్లో ఉన్నాడు. అన్నదమ్ములిద్దరూ వడ్రంగం నేర్చినవాళ్లు. ఊళ్లో స్థలం కొని ఇల్లు కట్టుకున్నారు. తల్లి 1835లో చనిపోయింది.

అంటే 1830 సెన్సస్‌లో ఆ ఊరున్న ఆల్బెమార్ల్ కౌంటీలో దొరకాలి. ముందుగా నా పద్ధతి ప్రకారం కాగితం మీద 'ఎక్కడ పడాలి' అనే లెక్క వేసుకున్నాను. శాలీ 1773లో పుట్టింది, కాబట్టి 57 దరిదాపు. మాడిసన్ 1805 జనవరి, 25. ఈస్టన్ 1808 మే, 22. తర్వాత స్వేచ్ఛా నల్లజాతివాళ్ల గడులు ముందు పెట్టుకుని కూర్చున్నాను. 1830 ఫారంలో వాళ్లకు వయసు విభాగాలు 10 లోపు, 10–24, 24–36, 36–55, 55–100, ఆపైన. కాబట్టి శాలీ 55–100లో, మాడిసన్ 24–36లో, ఈస్టన్ 10–24లో పడాలి. ఈ మూడు గీతలున్న ఇల్లు కోసం చూశాను. దొరకలేదు.

స్పెలింగ్ తేడా ఏమో అనుకున్నాను. ఆ ఇంటిపేరును ఒక ఎమ్‌తో, రెండు ఎమ్‌లతో, చివర ఎస్ లేకుండా, ఇష్టమొచ్చినట్టు రాశారు. మనవాళ్ల ఇంటిపేర్లు, చౌదరి లాంటి పేర్లు ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా ఉంటాయో చూసినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. అన్నీ వెతికాను. రెండు సాయంత్రాలు పోయాయి.

తప్పు స్పెలింగ్‌లో లేదు, నేను చూస్తున్న కాలమ్‌లో ఉంది. 1830లో ఆ తల్లినీ ఇద్దరు కొడుకులనూ లెక్కల మనిషి తెల్లవాళ్ల కింద రాసేశాడు. ఫారంలో ఎడమవైపు వదిలేసి కుడివైపు వెతుకుతున్నాను నేను. పైగా తెల్లవాళ్లకు వయసు విభాగాలే వేరు: 20 దాకా ఐదేళ్లకొకటి, ఆపైన పదేళ్లకొకటి. అక్కడైతే శాలీ 50–60లో, కొడుకులిద్దరూ 20–30లో ఒకే గడిలో పడతారు. రంగు మారితే వయసు గడి కూడా మారుతుందన్నది పుస్తకంలో చదివే ఉన్నాను. చేతికి ఎక్కడానికి ఆ రెండు సాయంత్రాలూ పట్టాయి.

ఇక అసలు చిక్కు. మూడేళ్ల తర్వాత, 1833లో వర్జీనియా ప్రభుత్వం స్వేచ్ఛా నల్లజాతివాళ్ల ప్రత్యేక జాబితా తయారు చేయించింది. 1831లో నాట్ టర్నర్ నాయకత్వంలో బానిసలు తిరగబడ్డాక తెల్లవాళ్లకు పట్టుకున్న భయం ఇంకా తగ్గలేదు. స్వేచ్ఛగా ఉన్న నల్లవాళ్లను ఆఫ్రికాలోని లైబీరియాకు పంపించేయాలన్న ఆలోచనతో తీసిన లెక్క అది. అందులో శాలీ హెమింగ్స్ స్వేచ్ఛా ములాటోగా ఉంది. ములాటో అంటే నల్ల, తెల్ల రక్తం కలిసిన మనిషి అని అప్పటి మాట. 1826 నుంచి షార్లట్స్‌విల్‌లో ఉంటున్నట్టు నమోదైంది.

అదే మనిషి, అదే ఊరు. 1830లో తెల్లది, 1833లో ములాటో. ఏది నిజం?

క్లయింట్లు నన్ను అడిగేది ఈ ప్రశ్నే. ప్రశ్నలోనే తిరకాసు ఉంది. ముందు చట్టం ఏం చెప్పిందో చూద్దాం. 1785లో చేసిన వర్జీనియా చట్టం ప్రకారం పావు వంతు గానీ అంతకు మించి గానీ నల్లజాతి రక్తం ఉంటే ములాటో. పావుకు తక్కువైతే ములాటో లెక్కలోకి రారు. శాలీ తల్లి ఎలిజబెత్ హెమింగ్స్‌కు సగం. తండ్రి తెల్లవాడు జాన్ వేల్స్ అని మాడిసన్ చెప్పాడు. అంటే జెఫర్సన్‌కు మామగారు. ఆ లెక్కన శాలీకి సరిగ్గా పావు, కొడుకులకు ఎనిమిదో వంతు. కాబట్టి 1826 తర్వాత స్వేచ్ఛ పొందిన మాడిసన్, ఈస్టన్ చట్టం దృష్టిలో నిజంగానే తెల్లవాళ్లు. 1830లో వాళ్లను అలా రాసిన మనిషి పొరపాటు చేశాడని అనలేం. శాలీని అదే గడిలో రాయడం మాత్రం చట్టానికి తేడా.

పోనీ 1833 జాబితా సరైనదా అంటే, అదీ కాదు. 'స్వేచ్ఛా' అన్న మాట దగ్గర పట్టుకోవాలి. శాలీకి విముక్తి పత్రం ఎవరూ రాసివ్వలేదు. జెఫర్సన్ వీలునామాలో ఆమె పేరు లేదు. 1834లో జెఫర్సన్ కూతురు మార్తా, శాలీని ఆమె మానాన ఆమెను ఉండనివ్వమని తన పిల్లలకు రాసిపెట్టింది. అంటే అప్పటికీ కాగితం మీద ఆమె బానిసే. విముక్తి పొందినవాళ్లు ఏడాదిలోగా రాష్ట్రం వదిలి వెళ్లాలని 1806 నాటి చట్టం. బహుశా ఆమె కొడుకుల దగ్గరే ఉండేందుకు పత్రం లేకుండా వదిలేశారేమో. తెల్ల స్త్రీ అన్న నమోదూ, స్వేచ్ఛా ములాటో అన్న నమోదూ రెండూ చట్టానికి సరిపడవు. రెండూ ఆ ఊరు ఆ కుటుంబాన్ని ఎలా చూసిందో చెబుతాయి. నా ఫైల్లో రెండూ పక్కపక్కనే రాసుకున్నాను, ఎవరు రాశారు, ఎందుకు రాశారు అన్న గమనికతో. ఒకదాన్ని కొట్టేయలేదు.

1815 మార్చి: పన్ను కాగితం మీద పిల్లలు

1826కు వెనక్కి వెళితే ఈ అన్నదమ్ములు ఏ సెన్సస్‌లోనూ పేరుతో ఉండరు. మాంటిచెల్లో కొండ మీద జెఫర్సన్ ఇంటి లెక్కలో వాళ్లు ఆస్తి. పుట్టిన పిల్లలు తల్లి హోదాకే చెందుతారని వర్జీనియా 1662లోనే చట్టం చేసింది. తండ్రి ఎవరైనా సరే, తల్లి బానిస అయితే పిల్లలూ బానిసలే. ఇక్కడ నుంచి పరిశోధన పూర్తిగా యజమాని కాగితాల వెంట నడవాలి. నల్లజాతి కుటుంబాల కేసుల్లో 1870 అనే గోడ గురించి అందరూ చెబుతారు, అంతకుముందు సెన్సస్‌లలో బానిసల పేర్లు దాదాపు ఉండవు కాబట్టి. ఆ గోడ దాటే దారి యజమాని పన్ను జాబితా, వీలునామా, అప్పుల కాగితాల మీదుగానే పోతుంది. ఇష్టం లేకపోయినా అంతే.

జెఫర్సన్ 1815 మార్చిలో ఆల్బెమార్ల్ కౌంటీలో తనకున్న పన్ను పడే ఆస్తి జాబితా రాశాడు. 5,640 ఎకరాల భూమి. 12 ఏళ్లు నిండిన బానిసలు 90 మంది. 9 నుంచి 12 ఏళ్ల లోపు బానిసలు 12 మంది. 73 పశువులు. గుర్రాలు, కంచర గాడిదలు, పిల్లలతో కలిపి 27. ఒక ఐస్ హౌస్. తర్వాత బండ్లు, గడియారాలు నాలుగు, మహోగని బల్లలు, బంగారు పూత కుర్చీలు, తైలవర్ణ చిత్రాలు, హార్ప్‌సికార్డ్ అనే పియానో లాంటి వాయిద్యం ఒకటి, వెండి కప్పులు. కిటికీ తెరలు కూడా లెక్కే. బ్రిటన్‌తో యుద్ధపు ఖర్చుకని ఆ ఏడు సామాన్ల మీద కూడా పన్ను పడింది. పన్నులవాళ్లు ఇంట్లో సోఫాలు లెక్కపెట్టిన ఏడాది పరిశోధకులకు పండగ.

ఇప్పుడు ఆ రోజుకు పిల్లల వయసులు వేసి చూడండి. జెఫర్సన్ తన 'ఫార్మ్ బుక్'లో బానిసల పేర్లు, పుట్టిన సంవత్సరాలు, ఎవరికెంత రొట్టె, ఎన్ని దుప్పట్లు ఇచ్చాడో రాసుకునేవాడు. ఆ పుస్తకం ఇప్పుడు మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీలో ఉంది. శాలీ పిల్లల్లో బతికినవాళ్లు నలుగురు: బెవర్లీ 1798, హ్యారియట్ 1801, మాడిసన్ 1805, ఈస్టన్ 1808. 1815 మార్చి నాటికి బెవర్లీకి 16, హ్యారియట్‌కు 13. ఇద్దరూ ఆ 90లో ఉండాలి, తల్లి శాలీతో సహా. మాడిసన్‌కు 10. ఆ 12 మందిలో ఒకడు కావాలి. ఈస్టన్‌కు ఇంకా ఏడు నిండలేదు. 9 లోపు పిల్లలకు పన్ను లేదు కాబట్టి ఆ కాగితంలో ఈస్టన్ ఎక్కడా లేడు.

ఇదంతా వయసునుబట్టి నేను తీస్తున్న లెక్కే, జాబితాలో పేర్లు లేవు. ఫార్మ్ బుక్ గానీ మిగలకపోయి ఉంటే, ఆ రోజు మాంటిచెల్లోలో ఆరేళ్ల ఈస్టన్ ఉన్నాడనడానికి పన్నుల పక్క నుంచి ఆధారమే ఉండేది కాదు. ఇంట్లో నాలుగు గడియారాలున్నాయని మాత్రం తెలిసేది. క్లయింటు వంశంలో ఫలానా పిల్లవాడు 'కనబడటం లేదు' అన్నప్పుడల్లా నేను ముందు అడిగేది, ఆ సంవత్సరం పన్ను ఎన్నో ఏట మొదలవుతుంది అని. లేడు అనడానికీ, లెక్కలోకి రాలేదు అనడానికీ మధ్య చాలా దూరం ఉంది.

అదే నెలలో జరిగిన మరో విషయం చెప్పకుండా ఉండలేను. 1815 మార్చి 4న ఫ్రాన్సిస్ గ్రే అనే ఆయనకు జెఫర్సన్ ఒక ఉత్తరం రాశాడు. మా చట్టంలో ములాటో అంటే ఎవరు అన్న ప్రశ్నకు జవాబది. బీజగణితం లాగా అక్షరాలు పెట్టి, ఒక తరానికి సగం, రెండో తరానికి పావు, మూడో తరానికి ఎనిమిదో వంతు అని లెక్క కట్టి చూపించాడు. మూడో మెట్టు మీదున్న మనిషికి స్వేచ్ఛ ఇస్తే అతను తెల్లవాడే, అమెరికా పౌరుడే అని కూడా రాశాడు. ఆ మూడో మెట్టు మీదున్న పిల్లలు అప్పుడు ఆయన ఇంటి చుట్టుపక్కలే తిరుగుతున్నారు. వాళ్ల ప్రస్తావన ఆ ఉత్తరంలో లేదు.

వీలునామా, "పారిపోయారు" అన్న మాట

1826 జులై 4న జెఫర్సన్ చనిపోయాడు. ఆ మార్చిలో వీలునామాకు చేర్చిన అనుబంధంలో ఐదుగురికి విముక్తి రాశాడు. అందులో ఇద్దరు మాడిసన్, ఈస్టన్, 21 ఏళ్లు నిండగానే. వాళ్లు వర్జీనియాలోనే ఉండేందుకు శాసనసభ అనుమతి ఇవ్వాలనీ కోరాడు. మిగతావాళ్ల గతి వేరు. అప్పుల కింద 1827 జనవరిలో మాంటిచెల్లోలో వేలం పెట్టారు, 130 మంది బానిసలని ప్రకటన. అన్నదమ్ములు ఆ ఊళ్లోనే ఉండగా వాళ్ల బంధువులు అమ్ముడుపోయారు.

ఫార్మ్ బుక్‌లో బెవర్లీ, హ్యారియట్ పేర్ల దగ్గర 1822లో పారిపోయినట్టు జెఫర్సన్ చేతిరాతలో గుర్తు ఉంది. కాగితం అలా అంటోంది కదా అని నమ్మేస్తే తప్పులో కాలేసినట్టే. జెఫర్సన్ పారిపోయిన బానిసల కోసం పత్రికలో ప్రకటన ఇవ్వని మనిషేం కాదు. 1769లోనే శాండీ అనే అతని కోసం వర్జీనియా గెజిట్‌లో వేయించాడు. ఈ ఇద్దరి కోసం వెతికించిన జాడ లేదు. పైగా జెఫర్సన్ చెప్పిన మీదట హ్యారియట్ చేతికి 50 డాలర్లిచ్చి, ఫిలడెల్ఫియా బండి ఎక్కించానని ఎస్టేటు మేనేజరుగా చేసిన ఎడ్మండ్ బేకన్ తర్వాత చెప్పాడు. పారిపోయారు అన్నది పుస్తకం మూసేయడానికి రాసిన మాట. జమాఖర్చు రాసే ఏ గుమాస్తాకైనా అర్థమవుతుంది.

ఈస్టన్: ఇంటిపేరు మారితే

మాడిసన్ కడదాకా హెమింగ్స్‌గానే, నల్లజాతివాడిగానే ఉండిపోయాడు. 1877లో చనిపోయాడు. ఈస్టన్ దారి వేరు. 1830ల చివర్లో భార్య జూలియాతో ఓహయోలోని చిలికాతి ఊరు చేరాడు. ఫిడేలు వాయించేవాడు. ఆ చుట్టుపక్కల డ్యాన్సులకు ఆయన బృందానికి మంచి పేరు. అయినా ఓహయో నల్లవాళ్లకు ఓటు ఇవ్వలేదు. అక్కడ స్థిరపడాలంటే విముక్తి పత్రం చూపాలని, 500 డాలర్ల పూచీకత్తు కావాలని 1804, 1807 చట్టాలు. 1849 దాకా అవే నడిచాయి.

1850 సెన్సస్‌లో రంగు కాలమ్‌కు సూచనలు ఇవీ: నల్లవాళ్లయితే 'బి', ములాటోలైతే 'ఎమ్', తెల్లవాళ్లయితే ఖాళీగా వదిలేయండి. ఖాళీ అంటే రాయడం మర్చిపోయారని కాదు, తెల్లవాళ్లని అర్థం. చిలికాతిలో ఈస్టన్ కుటుంబం దగ్గర 'ఎమ్' ఉంది.

1852లో వాళ్లు విస్కాన్సిన్ రాజధాని మాడిసన్‌కు తరలిపోయారు. అన్న పేరూ, ఊరి పేరూ ఒకటే కావడం యాదృచ్ఛికం. ఇద్దరి పేరూ వచ్చింది ప్రెసిడెంట్ జేమ్స్ మాడిసన్ నుంచే. అక్కడికి వెళ్లాక ఈస్టన్ హెమింగ్స్ కాస్తా ఈస్టన్ హెచ్. జెఫర్సన్ అయ్యాడు. 1856 జనవరిలో పోయాడు. 1860 సెన్సస్‌లో జూలియా, పిల్లలు జెఫర్సన్ ఇంటిపేరుతో తెల్లవాళ్లుగా ఉన్నారు.

ఇండెక్స్‌లో ఇంటిపేరు కొట్టి వెతికితే ఇవి రెండు వేరు వేరు కుటుంబాలు. ఒకటి 1850 తర్వాత మాయమైంది, మరొకటి 1860కి ముందు ఎక్కడిదో తెలియదు. వీటిని కలిపేది పిల్లల వరస: జాన్, ఆనా, బెవర్లీ. పెద్దవాడు వర్జీనియాలో పుట్టాడు, చిన్నవాడు ఓహయోలో. పెద్దవాడి పూర్తి పేరు జాన్ వేల్స్ జెఫర్సన్. తాతమ్మల, తాతల పేర్లు పిల్లలకు పెట్టుకునే అలవాటు మనకు కొత్త కాదు. మాడిసన్ పిల్లల్లోనూ థామస్ ఈస్టన్, హ్యారియట్, విలియం బెవర్లీ, ఎలెన్ వేల్స్ ఉన్నారు. ఇంటిపేరు వదిలేసినా లోపలి పేర్లు వదల్లేదు. నేను ఇలాంటి కేసుల్లో ఇంటిపేరు కన్నా పిల్లల పేర్లు, వయసు తేడాలు, పుట్టిన రాష్ట్రాలు కలిపి ఒక 'వేలిముద్ర' తయారు చేసుకుని వెతుకుతాను.

అంతర్యుద్ధంలో జాన్ విస్కాన్సిన్ దళంలో పెద్ద అధికారి అయ్యాడు. చిన్నప్పుడు చిలికాతిలో ఎరిగిన ఒకాయన యుద్ధంలో కలిసినప్పుడు, తన పుట్టుపూర్వోత్తరాలు తోటివాళ్లకు చెప్పొద్దని జాన్ బతిమాలాడట. 1902లో చిలికాతి పత్రికలో ఆ సంగతి వచ్చింది. సెన్సస్‌లో ఆ ఖాళీ గడి వెనక అంత టెన్షన్ ఉంది.

కాగితాలు ఆగిపోయిన చోట

తండ్రి ఎవరన్నది సెన్సస్, పన్నులు తేల్చలేవు. పిల్లలు ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ఆస్తిగా పుట్టారన్నంత వరకే అవి తీసుకెళ్తాయి. ఆ తేదీలకు తొమ్మిది నెలల వెనక జెఫర్సన్ మాంటిచెల్లోలోనే ఉన్నాడని చరిత్రకారులు ఆయన ప్రయాణాల లెక్కలతో చూపించారు. 1998లో ఈస్టన్ వంశపు మగ సంతతిలో ఒకరి వై క్రోమోజోమ్ (తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చే డీఎన్ఏ భాగం), జెఫర్సన్ పెదనాన్న ఫీల్డ్ జెఫర్సన్ మగ సంతతితో సరిపోయింది. జెఫర్సన్ మేనల్లుళ్లు కార్ సోదరులే ఆ పిల్లల తండ్రులన్న పాత వాదానికి అక్కడితో తెరపడింది, వాళ్ల వంశంతో సరిపోలేదు మరి. థామస్ వుడ్సన్ సంతతివాళ్లు కూడా తరాలుగా జెఫర్సన్ వారసులమనే చెప్పుకుంటూ వచ్చారు. పరీక్షలో వాళ్ల వంశానికి ఆ పోలిక రాలేదు. రెండు కుటుంబాలూ ఒకే రకమైన కథ చెప్పుకున్నాయి, ఒకటి నిలిచింది. అందుకే ఇంట్లో చెప్పుకునే కథను నేను కొట్టిపారేయను, ముందే తలకెత్తుకోను కూడా.

ఆ డీఎన్ఏ జెఫర్సన్ వంశపు మగవాడని చెబుతుంది గానీ థామస్సే అని వేలు పెట్టి చూపించదు. మాంటిచెల్లోను నడిపే ఫౌండేషన్ 2000లో అన్ని ఆధారాలూ కలిపి చూసి, థామస్ జెఫర్సనే తండ్రి అయ్యే అవకాశం చాలా ఎక్కువ అని తేల్చింది. తమ్ముడు రాండాల్ఫ్ పేరు చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నా రిపోర్టులో 'నిరూపితం' అని రాయను. 'ఆధారాలన్నీ ఇటే మొగ్గుతున్నాయి, వ్యతిరేకంగా బలమైనది లేదు' అని రాస్తాను. డబ్బులిచ్చే క్లయింట్లకు ఈ వాక్యం నచ్చదు, తెలుసు.

ఫైల్లో ఇద్దరి పేజీలు ఇప్పటికీ తెరిచే ఉన్నాయి. బెవర్లీ మేరీల్యాండ్‌లో తెల్లమ్మాయిని చేసుకున్నాడని, హ్యారియట్ వాషింగ్టన్‌లో పరువు గల తెల్ల కుటుంబంలోకి కోడలిగా వెళ్లిందని మాడిసన్ చెప్పాడు. ఆమె భర్త పేరు తనకు తెలుసనీ, అయినా చెప్పననీ 1873లో అన్నాడు. అక్క బతుకు బయటపడకుండా కాపాడిన తమ్ముడు అతను. పెళ్లయ్యాక ఇంటిపేరు తెలియదు. 1850 వాషింగ్టన్ పేజీల్లో నేను వెతకాల్సింది దాదాపు 49 ఏళ్ల వయసు, వర్జీనియాలో పుట్టుక, పేరు హ్యారియట్. ఆ పేరు కూడా మార్చుకుని ఉండొచ్చు. రంగు గడి ఎలాగూ ఖాళీగానే ఉంటుంది. తీసి పెట్టుకున్న పేర్ల జాబితా ఒకటి ఉంది. ఖాళీ దొరికినప్పుడు ఒక్కో కుటుంబాన్నీ వాషింగ్టన్ పన్ను జాబితాల్లో వెనక్కి నడిపిస్తుంటాను. ఇప్పటికి ఎక్కువమంది 1822కు ముందే అక్కడ ఉన్నవాళ్లని తేలి, జాబితా నుంచి తీసేయాల్సి వచ్చింది.